ఇసక కట్టు

మేము సముద్రాన్ని మొదటిసారి చూసింది భీమిలిలో. 1990ల చివర, ఉపాధ్యాయ శిక్షణకు అక్కడి డైట్‌లో సీట్లు వచ్చి, రేకు పెట్టెలతో కొండ దిగిన వాళ్లం. హుకుంపేట వాళ్లు, పెదబయలు వాళ్లు, అనంతగిరి వాళ్లు, ఒకరిద్దరు చింతపల్లి వాళ్లు. మొదటి ఆదివారం సాయంత్రం అందరం కలిసి గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటికి నడిచాం. అనంతగిరి వాడొకడు ఆ నీళ్లను చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. వాళ్ల కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి పోయే గెడ్డ అది. ఇక్కడికొచ్చేసరికి ఇంత వెడల్పయిందా, ఇంత ఉప్పనయిందా అని వాడికి నమ్మకం కుదరలేదు. దోసిట్లో తీసుకుని తాగి ఉమ్మేశాడు. మేం నవ్వాం. నవ్వి, ఒక్కొక్కరం మేమూ రుచి చూశాం.

తిరిగి వస్తూ ఇసక దిబ్బ ఎక్కుతుంటే కాళ్లకు ఏదో చుట్టుకుంది. వలతాడు అనుకున్నాం. వంగి చూస్తే తీగ. వేలి లావు కూడా లేదు. ఎర్రటి ఊదారంగు కాడ నేలనంటుకుని సముద్రం వైపు సాగిపోతోంది. ఎక్కడ మొదలో ఎక్కడ చివరో తెలియలేదు. ఆకు మందంగా, నున్నగా ఉంది, నడిమికి చీలి రెండు రెక్కలయింది. అది చూడగానే మా అందరి నోటా ఒకే మాట వచ్చింది. అడ్డాకు! అరచేతిలో పట్టేంత పిల్ల అడ్డాకు.

మా ఇళ్లలో అడ్డాకు అంటే అన్నం. అడవిలో పెద్ద చెట్ల మీదికి పాకిన అడ్డతీగల నుంచి మా అమ్మలు ఆకు కోసి, కట్టలు కట్టి, ఎండబెట్టి, పుల్లలతో విస్తళ్లు కుట్టి సంతకు మోసుకెళ్లేవాళ్లు. మా పలకా బలపం, ఆ తర్వాత పరీక్ష ఫీజు, ఆ ఆకుల డబ్బులే. అంతటి ఆకుకు ఈ ఉప్పుగాలిలో ఇంత చిన్న బిడ్డ ఉందని ఎవరనుకుంటారు? ఒకడు నాలుగు ఆకులు కోసి పుల్ల గుచ్చి దొన్నె చేశాడు. ఆకు మందం, విరిగింది. పాలు కారాయి.

మరునాడు సైన్సు చెప్పే మాస్టారిని అడిగితే, అడ్డతీగకూ దానికీ చుట్టరికం లేదన్నారు. అడ్డ చిక్కుడు కుటుంబం. ఇది చిలగడదుంప కుటుంబం. పుస్తకాల్లో దీనికి బాలబండి తీగ అని పేరు, చెవులపిల్లి తీగ అని మరో పేరు. ఆకు చెవులపిల్లి చెవుల్లా ఉంటుంది గదా, అందుకు. దాని లాటిన్ పేరుకు మేక పాదం అని అర్థమట. మేక గిట్ట వేసిన ముద్ర చూసినవాళ్లకు అది చెప్పక్కర్లేదు. ఒక్కొక్కడు తన ఊళ్లో ఉన్నదాన్నే ఆకులో చూసుకున్నాడు, మేం విస్తరి చూసినట్టే.

ఇక్కడ ‘మేము’ అని ఎందుకు రాస్తున్నామో చెప్పాలి. మొదటి సంగతి, ఇది ఒక్కరి జ్ఞాపకం కాదు. రెండోది, ముందు ముందు చెప్పబోయే తప్పు ఒక్కరు చేసింది కాదు.

ఆ తీగ పువ్వును మాత్రం ఆ సాయంత్రం చూడలేదు. పూలన్నీ ముడుచుకుని, తడిసిన గుడ్డపీలికల్లా వేలాడుతున్నాయి. తెల్లవారి పళ్లు తోముకుంటూ వెళ్లిన వాళ్లకు కనపడ్డాయి. లేత ఊదా కలిసిన గులాబీ రంగు, లోపలికి పోయేకొద్దీ ముదురు. అయిదు రేకులు విడివిడిగా ఉండవు. ఒకదానికొకటి కలిసిపోయి గరాటులా ఉంటాయి. గరాటు లోపల అయిదు గీతలు నక్షత్రంలా కనిపిస్తాయి. మొగ్గను చూస్తే మడిచిన గొడుగే, మెలి తిరిగి ఉంటుంది. పొద్దున విప్పుకుంటుంది, ఎండ ముదిరేసరికి ముడుచుకుంటుంది. మళ్లీ విప్పుకోదు. రేపు పూసేది వేరే మొగ్గ. మేం టిఫిను తిని క్లాసులకు పోయే వేళకే కొన్ని వాలిపోయేవి. మా హాస్టలు గదిలో పొద్దెక్కేదాకా పడుకునేవాడికి ఆ పువ్వు పేరు పెట్టడానికి వీల్లేదని అప్పట్లో ఒక హాస్యం ఉండేది, ఎందుకంటే ఆ పూలను వాడెప్పుడూ చూళ్లేదు.

ఈ కుటుంబం పెద్దది. మా ఇళ్ల దగ్గర ఏడాదికోసారి తీగ ముక్కలు పాతి పెంచే చిలగడదుంప పువ్వు పట్టి చూడండి, అదే గరాటు, అదే ఊదా మచ్చ. చెరువుల్లో తేలే తూటికూర పువ్వూ అదే. ఇళ్ల ముందు దడికి పాకించే కాశీరత్నం కూడా ఈ ఇంటిదే, ఎర్రగా సన్నగా ఉంటుంది గాని. సిటీలో మురుగు కాలువల గట్ల మీద గుబురుగా పెరిగి గులాబీ పూలు పూసే పొద ఒకటుంది, అదీ వీళ్ల బంధువే. దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. మేకలు అలవాటుపడి తింటే వణుకుడు వచ్చి చస్తాయి. అన్నం పెట్టేదీ, ప్రాణం తీసేదీ ఒకే ఇంట్లో ఉన్నాయి. విత్తనాలు మాత్రం ఏ తీగవైనా నోట్లో పెట్టుకోవద్దని పిల్లలకు గట్టిగా చెబుతాం. విరోచనాలు పట్టుకుంటాయి, పసిపిల్లలకు అంతకన్నా ఎక్కువే అవుతుంది.

కొండకూ సిటీకీ మధ్య మాకు తెలిసిన దారి రైలు. కిరండోల్ ప్యాసింజరు. 1960లలో బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపి, అక్కణ్ణుంచి ఓడల్లో జపాన్‌కు పంపడానికి వేసిన లైను అది. 58 సొరంగాలు. మా తాతల్లో కొందరు ఆ కొండలు తొలిచేటప్పుడు కూలికి వెళ్లినవాళ్లే. ఖనిజం కోసం వేసిన పట్టాల మీద మేం మనుషులం తర్వాత ఎక్కాం. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా, కరకవలస, శిమిలిగుడ. స్టేషను కంచెల మీద, కట్ట పక్క పొదల మీద ఒక తీగ పాకి ఊదా గరాటు పూలు పూస్తుంది. ఆకు చేతివేళ్లు చాపినట్టు అయిదుగా చీలి ఉంటుంది. దీన్ని రైల్వే క్రీపర్ అంటారు. పట్టాల వెంబడి పాకేది గనుక ఆ పేరు వచ్చింది. తెలుగు పేరు పిల్లలు అడిగితే ‘రైలు తీగ’ అని మేమే పెట్టేశాం. పొద్దున్నే విశాఖలో ఎక్కిన బండి అరకు చేరేసరికి దాని పూలు ముడుచుకోవడం మొదలుపెట్టేవి. సెలవులకు ఇంటికెళ్లే దారిలో మాకు అది గడియారం.

ఆ ఖనిజం దిగిన జపాన్‌లో ఈ పూలంటే ఎంత ఇష్టమో చాలా ఆలస్యంగా తెలిసింది. వాళ్లు దీన్ని అసగావో అంటారు. పొద్దుటి ముఖం అని అర్థం. టోక్యోలో ఇరియా అనే పేటలో ప్రతి జులై మొదట్లో ఈ తీగల సంతే జరుగుతుంది. ఇంకా మాకు నచ్చిన సంగతి, అక్కడ ఒకటో తరగతి పిల్లలు బళ్లో కుండీలో ఈ విత్తనం పాతి, నీళ్లు పోసి, రోజూ చూసిందాన్ని బొమ్మ గీసి రాస్తారట. సెలవులకు ఆ కుండీ ఇంటికి మోసుకుపోతారు. మా కొండల పక్క నుంచి పోయిన ఇనుము ఎక్కడ ఏ వంతెనయిందో తెలీదు గాని, ఆ ఒకటో తరగతి పాఠం మాత్రం మేం తెచ్చుకున్నాం.

మా బడి గాజువాక అవతల. ఉక్కు నగరం గోడ దాటి కొంచెం దూరం. పిల్లల్లో సగం మంది కొండ నుంచీ, ఒడిశా సరిహద్దు నుంచీ పనులకొచ్చిన వాళ్ల పిల్లలు. కొందరి అమ్మలు తెల్లారకుండానే జంక్షన్‌లో కూలీల అడ్డాకు వెళ్లి నిలబడతారు. అడ్డా అన్న మాట విన్నప్పుడల్లా మాకు ముందు ఆకే గుర్తొస్తుంది, ఆ తర్వాత వాళ్లు. బడి వెనక తీగల కంచె ఉంది. దానికి రైలు తీగ పాకింది. కుండీలు కొనే డబ్బుల్లేక ఆ కంచెనే పాఠం చేశాం. ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క మొగ్గ. దారప్పోగు కట్టి గుర్తు పెట్టుకోవాలి. ఎప్పుడు విచ్చింది, ఎప్పుడు ముడిచింది, ఎండ ఉందా మబ్బు ఉందా, రాయాలి.

పది రోజుల్లో పిల్లలే కనిపెట్టారు. మబ్బు రోజున పువ్వు మధ్యాహ్న భోజనం దాకా ఉంటుంది. ఎండ రోజున రెండో పీరియడ్‌కే వాలిపోతుంది. ఇక ఎప్పుడు విచ్చిందో ఎవరూ రాయలేకపోయారు, ఎంత పెందలాడే వచ్చినా అప్పటికే విచ్చి ఉంటోంది. ఒక పిల్లవాడు వాళ్లమ్మకు ఆ పని అప్పజెప్పాడు. ఆమె అడ్డాకు పోతూ కంచె దగ్గర ఆగి చూసి, చీకటుండగానే విచ్చుతోందని చెప్పింది. ఆమె చెప్పింది సరైన మాట. జపాన్ వాళ్లు వాళ్ల తీగ మీద లెక్క కట్టారు. సూర్యుణ్ణి చూసి విచ్చదట, చీకటి పడిన దగ్గర్నుంచి దాదాపు పది గంటలు లెక్కపెట్టుకుని విచ్చుతుంది.

ఇంకొక ఆట. తీగ కొస కంచెకు ఎటు చుట్టుకుంటుందో చూడమన్నాం. పైనుంచి చూస్తే ఎప్పుడూ గడియారం ముల్లుకు ఎదురుగానే తిరుగుతుంది. పిల్లలు దాన్ని విప్పి రెండో వైపుకు చుట్టి, దారంతో కట్టారు. కొత్తగా పెరిగిన కొస మళ్లీ తన వైపుకే తిరిగింది. మళ్లీ కట్టారు, మళ్లీ తిరిగింది. వెనక బెంచీలో ఎప్పుడూ మాట్లాడని పెదబయలు పిల్ల ఆ రోజు పకపకా నవ్వింది. ఆ పిల్ల మా బడికి వచ్చి అప్పటికి ఏడాది. ఇంటి భాష వేరు, బడి భాష వేరు. ఆమె నవ్వు వినడం మాకు అదే మొదలు.

ఇప్పుడు తప్పు సంగతి.

ఒక ఫిబ్రవరిలో మా పిల్లల్ని అప్పికొండ తీరానికి తీసుకెళ్లాం. ఉక్కు కర్మాగారానికి ఆనుకున్న సముద్రపు ఒడ్డు. పాత సోమేశ్వరుడి గుడి ఉంది. అక్కడ చాలా గుళ్లు ఉండేవనీ, ఇసక కప్పేసిందనీ ఊళ్లోవాళ్లు చెప్పుకుంటారు. మేం వెళ్లింది తీరం శుభ్రం చెయ్యడానికి. చేతికి తొడుగులు, గోనెసంచులు, ముందు పట్టుకునే గుడ్డ బ్యానరు.

శుభ్రం అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. మేం చిన్నప్పుడు ఆశ్రమ పాఠశాలలో చేరిన రోజు మొదటి పాఠం అక్షరం కాదు, శుభ్రం. తలలు గొరిగించారు. గోళ్లు చూపించమన్నారు. ఒంటికి కట్టెపొగ వాసన వస్తోందని ముక్కు మూసుకున్నవాళ్లు ఉన్నారు. ఆ పొగ మా ఇంటి పొయ్యిది, అమ్మ పక్కన కూర్చుంటే పట్టే వాసన. అప్పణ్ణుంచి ఒక భయం మాలో ఉండిపోయింది. నలుగురిలోకి వెళ్తే తెల్ల చొక్కా వెయ్యాలి, మన పిల్లలు అందరికన్నా నీటుగా కనపడాలి, ఎవరూ వేలెత్తి చూపకూడదు. మా పిల్లలు ఎవరికీ తీసిపోరని ఆ రోజు తీరం మీద చూపించాలనుకున్నాం. అంత తొందర అందుకే.

ప్లాస్టిక్ సీసాలు, చెప్పులు, తెగిన నైలాను వలలు, సారా పాకెట్లు, గంటన్నరలో పదకొండు సంచులు నిండాయి. ఇంకా టైముంది. దిబ్బ మీద బాలబండి తీగ దట్టంగా అల్లుకుని ఉంది. దాని సందుల్లో కాగితాలు, కవర్లు ఇరుక్కున్నాయి. ఒక్కొక్కటి ఏరడం కష్టం. తీగ పీకేస్తే అన్నీ ఒకేసారి వస్తాయి, చోటూ చదునుగా కనిపిస్తుంది. ఎవరం ముందు అన్నామో ఇప్పుడు గుర్తులేదు, ‘ఆ పిచ్చి తీగ కూడా పీకెయ్యండిరా’ అని.

పెదబయలు పిల్ల ఒక తీగ పట్టుకుని లాగి ఆగింది. ‘మాస్టారూ, దీనికి కణుపు కణుపుకీ వేళ్లున్నాయి’ అంది. దుంప తీగ అని తెలుసు ఆమెకు. మాకూ తెలుసు. భీమిలిలో దొన్నె కుట్టిన వాళ్లం మేం. ‘లాగమ్మా, వస్తుంది’ అన్నాం.

వచ్చింది. పదిహేను, ఇరవై అడుగుల తీగలు తాళ్లలా వచ్చాయి. పిల్లలు వాటిని భుజాల మీద వేసుకుని ఫోటో దిగారు. పూలు ఆ పాటికే ముడుచుకున్నాయి గనుక ఏమీ అనిపించలేదు.

మే నెలలో ఇంకో పని మీద అటు వెళ్లాం. దిబ్బ మాకు ఆనవాలు దొరకలేదు. మేం పీకిన మేర, పాతిక అడుగుల వెడల్పున, గొయ్యి పడి ఉంది. దక్షిణపు గాలికి ఇసక లేచి వెనకున్న వలల పాక మీదికి పోయింది. పాక గుమ్మంలో మోకాలి లోతు ఇసక. ఒక ముసలామె చేటతో ఎత్తి పోస్తోంది. మేం ఎవరమో ఆమెకు తెలుసు. పిల్లలతో వచ్చినప్పుడు చూసింది.

‘ఏటి మేస్టర్లూ, సెత్త తియ్యడానికొచ్చి ఇసక కట్టు ఇప్పేసేరు’ అంది.

తిట్టలేదు. అంతే అంది. చేట మా చేతికిచ్చింది. ఇద్దరం చీకటి పడేదాకా ఇసక ఎత్తాం. మధ్యలో అడిగాం, ఆ రోజే ఎందుకు చెప్పలేదని. ‘సదువుకున్నోళ్లు, బేనరు కట్టుకొచ్చేరు, ఏటి సెప్తాం?’ అంది మామ్మ. అధికారులు కొండకొచ్చి ఇది చెయ్యండి, అది పీకండి అన్నప్పుడు మా పెద్దలు నిలబడి విన్న తీరు మాకు తెలుసు. ఆ మౌనం అవతలి పక్కన మేం నిలబడటం అదే మొదలు.

ఆ తీగ చేసే పనేమిటో తర్వాత శ్రద్ధగా చదివాం, చూశాం. గాలి ఇసకను నేల మీద దొర్లిస్తూ తెస్తుంది. ఆకులు తగిలితే గాలి జోరు తగ్గి, ఇసక అక్కడే రాలుతుంది. తీగ కొంత పూడుతుంది. పూడిన కణుపు వేళ్లు వేస్తుంది, కొస పైకి లేచి మళ్లీ పాకుతుంది. మళ్లీ ఇసక, మళ్లీ కణుపు. ఒక వరస మీద ఒక వరసగా, చాప అల్లినట్టు. అలా దిబ్బ పెరుగుతుంది. మందపాటి ఆకు నీటిని దాచుకుంటుంది, ఉప్పు తుంపరకు మాడదు. తొడిమె ఆకును కలిసేచోట రెండు చిన్న బొడిపెలు ఉంటాయి. వాటిలో తీపి ఊరుతుంది, దానికోసం చీమలు తిరుగుతూ ఉంటాయి. కాయలో నాలుగు గింజలు, నూగుతో. అవి ఉప్పునీటిలో మునగవు, తేలిపోయి ఎక్కడో గట్టెక్కి మొలుస్తాయి. అందుకే ఆఫ్రికా ఒడ్డునా, ఆస్ట్రేలియా ఒడ్డునా, అమెరికా వెచ్చటి తీరాల్లోనూ ఇదే తీగ ఉంది. జెల్లీ చేప కుట్టిన చోట దీని ఆకు నలిపి రాయడం చాలా తీరాల్లో ఉన్న వైద్యం. థాయ్‌లాండ్‌లో దాని మీద పరిశోధనలు కూడా చేశారు.

ఇసక కదలడమంటే ఏమిటో ఈ ఊరికి బాగా తెలుసు. ఇక్కడ ఏడాదిలో ఎక్కువ నెలలు కెరటాలు ఇసకను తీరం వెంబడి దక్షిణం నుంచి ఉత్తరానికి నడిపిస్తాయి. 1933లో రేవు తెరిచారు. అప్పట్లో రెండు పాత ఓడల్ని ముంచి అలలకు అడ్డు పెట్టారంటే ఆ పోరు ఎంతటిదో చూడండి. 1970లలో బయటి హార్బరు గోడలు లేచాయి. నడిచే ఇసక రేవు దగ్గర ఆగిపోతుంది, అవతల ఆర్కే బీచికి చేరేది తగ్గిపోతుంది. అందుకని డ్రెడ్జరుతో తోడిన ఇసకను గొట్టాల్లో తెచ్చి బీచిలో పోస్తుంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక ఆ బీచి ఎంత తెగిందో విశాఖలో ఉన్న వాళ్లందరూ చూశారు. తీగ ఉంటే అదంతా ఆగేదని మేం అనడం లేదు. కెరటం కోసుకుపోయేదాన్ని తీగ ఆపలేదు, రేవు ఆపేసిన ఇసకను అది తెచ్చివ్వలేదు. గాలి తెచ్చినదాన్ని పట్టుకుని పోగు చెయ్యడం దాని పని. ఆ పోగే గట్టి అల వచ్చిన రోజున పాకకు ముందు నిలబడేది. అప్పికొండలో ఆ పాతిక అడుగుల మేర ఇసకను తీసింది మాత్రం రేవు కాదు, తుపానూ కాదు.

బడి తెరిచాక పిల్లలకు చెప్పాం. చెప్పడం తేలిక కాలేదు. మాస్టారు తప్పు చేశారని మాస్టారే చెబితే పిల్లలు నేల చూపులు చూస్తారు. ‘మళ్లీ పాతితే?’ అని పెదబయలు పిల్లే అడిగింది. ఎలా పాతాలో కూడా ఆమే చెప్పింది, వాళ్ల నాన్న దుంప తీగ పాతినట్టే. మూరెడు ముక్క, నాలుగైదు కణుపులుండాలి, రెండు మూడు కణుపులు మట్టిలోకి, కొస పైకి. వానలు పడ్డాక.

జులైలో ఒక ఆదివారం పన్నెండు మంది పిల్లలతో వెళ్లాం. బ్యానరు తీసుకెళ్లలేదు. పక్క దిబ్బ నుంచి అడుగు అడుగుకీ ఒక తీగ వదిలి ఒక తీగ చొప్పున, మామ్మ చూపించిన చోటే కోశాం. అరవై ముక్కలు పాతాం. పాకలోని పాత వల ముక్కలు అడ్డం కట్టి, తాటాకు మట్టలు గుచ్చి, గాలి కొంచెం ఆగేలా చేశాం. విత్తనాలు కూడా ప్రయత్నించాం. పై పెంకు గట్టిది, నీళ్లు లోపలికి పోవు. పిల్లలు రాతి మీద అరగదీసి పాతారు. అవి మొలిచాయి గాని ఆవులు తొక్కేశాయి. ముక్కల్లో ఒక వరస అల కొట్టుకుపోయింది. ఒక వరసను ఎవరో కుర్రాళ్లు క్రికెట్ ఆడి పాడుచేశారు, వాళ్లతో మామ్మే మాట్లాడుకుంది. దసరాకు బతికినవి పంతొమ్మిది.

పంతొమ్మిది చాలని తర్వాత తెలిసింది. మరుసటి వేసవికి అవి ఒకదాన్నొకటి అందుకున్నాయి. గొయ్యి ఇంకా ఉంది. పాక గుమ్మంలోకి మాత్రం ఇసక రావడం తగ్గింది.

ఇప్పుడు మా కొండలు వేరే జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా, పాడేరు కేంద్రం. మా సర్వీసు రికార్డులు ఒక చోట, మా ఊళ్లు ఒక చోట. పెదబయలు పిల్ల ఇప్పుడు తొమ్మిదో తరగతి. మొన్న సంక్రాంతి సెలవుల ముందు పిల్లల్ని మళ్లీ తీసుకెళ్లాం, పూలు చూపిద్దామని. పొద్దున్నే రమ్మని మామ్మ కబురు పెట్టింది, ఎండెక్కితే ఏమీ ఉండవని. బస్సు కూర్మన్నపాలెం దగ్గర గంటసేపు ఆగిపోయింది. చేరేసరికి పదకొండు దాటింది. ఒక్క పువ్వూ విచ్చి లేదు. చిన్న పిల్లలు ముఖాలు ముడుచుకున్నారు.

పెద్దపిల్ల ముందు చెప్పులు విప్పించింది, కణుపులు తొక్కకుండా. తర్వాత వాళ్లను వరసగా కూర్చోబెట్టి లెక్క పెట్టించింది. ముడుచుకున్నవి ఎన్ని, రేపటికి మెలి తిరిగి సిద్ధంగా ఉన్న మొగ్గలెన్ని. ముడుచుకున్నవి ముప్పై ఒకటి, మొగ్గలు నలభై. ఆమె రెండూ నోటుబుక్కులో రాసుకుంది. మామ్మ తీగ దాటుకుంటూ వచ్చి పిల్లలందరికీ మంచినీళ్లిచ్చింది.